ఫొటో దిగి వెళ్లిపోయాక ఆ మడమొక్కల్ని ఎవరు చూశారు?

తీరంలో మొక్కలు నాటించే అధికారులకు, కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాల వారికి, కళాశాలల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం అధికారులకు, కాకినాడ దగ్గర ఉప్పునీటి బురదలో పెరిగే కోరంగి మడ అడవుల అంచు నుంచి కొందరు యువ కార్యకర్తలు రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీరు పిలిచినప్పుడల్లా వచ్చినవాళ్లం మేము. బ్యానర్లు పట్టుకున్నాం, మోకాలి లోతు బురదలో దిగాం, మీ పక్కన ఫొటోల్లో నిలబడ్డాం. మమ్మల్ని ఈ అడవికి మొదట తీసుకొచ్చింది మీరే. ఆ సంగతి మరిచిపోలేదు.

నాటడంతో సరిపెట్టకండి, బతికించండి అని ఇప్పుడు రాస్తున్న విషయమే రెండేళ్లలో మూడుసార్లు వినతిపత్రాలుగా ఇచ్చాం. మూడింటి మీదా 'అందినది' అని ముద్ర వేశారు. జవాబు మాత్రం రాలేదు. ఒకచోట మా ఉత్సాహాన్ని మెచ్చుకుని టీ ఇప్పించి పంపించారు. టీ బాగుంది. అడిగిన పని కాలేదు కాబట్టి అదే సంగతి ఈసారి అందరి ముందూ అడుగుతున్నాం.

జూన్ 5 సంగతితో మొదలుపెడతాం. పర్యావరణ దినోత్సవం అనగానే తీరంలో మొక్కలు నాటించడం ఆనవాయితీ అయిపోయింది. తెలుగునాట జూన్ 5 అంటే రోహిణి కార్తె ఇంకా వెళ్లని రోజు. రోహిణిలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. గోదావరిలో నీళ్లు అడుగంటి, ఏటిపాయల్లోకి సముద్రపు ఉప్పు ఎగదన్ని, మడ నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉండే సమయం అది. మా మొదటి ఏడాది ఆ రోజునే నాటాం. బస్సుల్లో విద్యార్థులు వచ్చారు. తలా రెండు మూడు పొన్న (ఒక మడ జాతి) మొలకలు చేతికిచ్చారు. పొన్న మొలక ములక్కాడలా పొడుగ్గా ఉంటుంది, చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది, బురదలో గుచ్చితే నిలబడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, నాటడం క్షణంలో పని. అందుకే నాటే కార్యక్రమాలన్నింటికీ అదంటే ముద్దు. పదకొండు గంటలకల్లా అంతా అయిపోయింది. మధ్యాహ్నానికి మజ్జిగ ప్యాకెట్లు, నల్ల పాలిథిన్ సంచులు బురదలో మిగిలాయి.

దసరా సెలవుల్లో మాలో నలుగురం ఒక మత్స్యకారుడి పడవలో మళ్లీ వెళ్లాం. నాటిన చోట అగ్గిపుల్లల్లా నల్లగా ఎండిన కాడలు వరసగా నిలబడి ఉన్నాయి. గట్టు వారన పోటు నీళ్లు తగిలే చోట మాత్రం కొన్ని పచ్చగా ఉన్నాయి. పడవ నడిపిన తాత చుట్ట ఆర్పి, కాడల వైపు చూసి అన్న మాట ఇది: "నీళ్లొచ్చాయంటే మళ్లీ పోవాలి గదా బాబూ. ఇక్కడ వచ్చిన నీరు పోదు. ఎండకి ఇగిరిపోద్ది, ఉప్పు మిగులుద్ది. ముందు నీటికి దారెట్టండి. మడని మీరెట్టక్కర్లేదు, అదే వత్తాది."

ఆ మాట సరిగ్గా అర్థం కావడానికి మాకు ఇంకో ఏడాది పట్టింది. కోస్తాలో చాలాచోట్ల మడ అడవి పోయిన తీరు ఒకటే. ఒకప్పుడు అడవిని కూపులనే ముక్కలుగా విడగొట్టి వంట చెరకు కోసం మొత్తంగా నరికారు. నీడ పోయిన నేలకు ఎండ తగిలింది. బురదలోని తేమ ఆవిరై నేల కుంగి, పళ్లెంలా పల్లమైంది. పెద్ద పోటుకి ఆ పళ్లెంలోకి నీళ్లు ఎక్కుతాయి గానీ పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, వెనక్కి పోవు. నిలిచిన నీరు ఇగిరిన కొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. సముద్రపు నీటిని తట్టుకునే మడ కూడా ఆ ఉప్పుకి చస్తుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊళ్లలోని వన సంరక్షణ సమితులు కలిసి 1990ల నుంచి తమిళనాడు పిచ్చావరంలోనూ, మన గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ చేసిన పని ఇక్కడి నుంచే మొదలైంది. ఏటిపాయ నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తీశారు. పైనుంచి చూస్తే చేప వెన్నెముకలా ఉంటుంది. రోజుకి రెండు పోట్లు వచ్చి, రెండు పాట్లు తీసి, ఆ నీరే నేలలోని ఉప్పును కడిగేస్తుంది. మొక్క వంతు ఆ తర్వాతే. అదీ కాలువ ఒడ్డున. ఆ కాలువలకు ఒక్కటే జబ్బు, ప్రతి వరదకీ ఒండ్రు చేరి పూడిపోతాయి. పూడిక తీయకపోతే నాలుగేళ్ల శ్రమ మళ్లీ పళ్లెమే.

ఇది మీకు తెలియని విద్యేమీ కాదు. పుట్టి పెరిగింది మీ దగ్గరే. తెలిసి కూడా పూడిక తీతకు పిలవకుండా, మొక్క గుచ్చడానికే మమ్మల్ని ఎందుకు పిలుస్తున్నారన్నది మా ప్రశ్న. పూడిక తీస్తున్న ఫొటో పత్రికలో పడదు, నిజమే.

ఈ పొరపాటు మన ఒక్కళ్లదే కూడా కాదు. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో వెయ్యి హెక్టార్లకు పైగా మడ నాటారు. 2017లో వచ్చిన పరిశీలన ప్రకారం చూసిన 23 చోట్లలో తొమ్మిదింట ఒక్క మొక్కా మిగల్లేదు. మొత్తమ్మీద నిలబడింది దాదాపు ఐదో వంతు. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు కోట్లు ఖర్చుపెట్టి నాటిన దాంట్లో చివరికి బతికేది నూటికి పది నుంచి ఇరవై అని 2008లో అక్కడి శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. రెండుచోట్లా కారణాలు చదువుతుంటే మా దసరా పడవ ప్రయాణం గుర్తొచ్చింది: నప్పని జాతి, నప్పని చోటు, నాటాక తిరిగి చూసే నాథుడు లేకపోవడం.

దీనివల్ల నష్టపోతున్నది ఎవరో కూడా చెప్పాలి.

1. ముందుగా చేపల వేటగాళ్లు. మండపీత, పండుగప్ప, రొయ్య పిల్లలు ఎదిగేది మడ వేళ్ల మధ్యన. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో చిన్నా చితకా కుటుంబాలకు ఏటిపాయల్లో దొరికే పీతా చేపే ఆసరా. పెద్ద బోట్లు లేనివాళ్లకు ఏడాది పొడవునా అంతే. పళ్లెంలా ఎండిన మడ నేలలో పీత బొరియ కనిపించదు. పీతల బుట్ట ఖాళీగా తెచ్చుకున్న ఆడమనిషి ఆ రోజు ఎవరిని అడుగుతుంది? కాగితం మీద అక్కడ అడవి ఉంది, నాటిన లెక్క రాసి ఉంది, కాబట్టి మళ్లీ బాగుచేయడానికి నిధులూ రావు. ఇది చచ్చిన మొక్క కన్నా పెద్ద నష్టం.

2. తుఫాను. 1977 నవంబరు 19 గురించి దివిసీమలో చెప్పక్కర్లేదు, పదివేల మందికి పైగా పోయారు. 1996 నవంబరు 6న మా వైపు తుఫానుకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు వింటే ఇప్పటికీ మా అమ్మమ్మలు మాట ఆపేస్తారు. మడ ఉంటే తుఫాను ఆగిపోతుందని మేమనం. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లాలో ఊరూరూ చావుల లెక్క తీసి చూస్తే, ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే అక్కడ అంత తక్కువమంది చనిపోయారని తేలింది. ఆ అంతరమే ఒక ఊళ్లో పది ఇళ్లకు దీపం పెట్టేవాళ్లు మిగలడం.

3. కూలి. కాలువలు తవ్వడం, పూడిక తీయడం ఊళ్లోవాళ్లకు తెలిసిన పని, కూలి దొరికే పని. ఒక్కరోజు ఉచితంగా వచ్చే మా చేతులు ఆ పనిదినాలకు అడ్డం పడుతున్నాయేమో అని మాకు సిగ్గుగా ఉంది. మేం నాటి వెళ్లిపోయాక గేదెల్ని తోలేది వన సంరక్షణ సమితి ఆడవాళ్లే. వాళ్ల పేరు ఏ బోర్డు మీదా ఉండదు.

4. పక్షులు, తాబేళ్లు ఓటర్లు కారు గనక క్లుప్తంగా చెప్తాం. పాటు వేళ బయటపడే బురదమేటలు ఖాళీ జాగాలు కావు. చలికాలంలో కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గర ఇండియన్ స్కిమ్మర్ పక్షులు గుంపుగా వాలేది అలాంటి మేటల మీదనే. వాటి మీద మొక్కలు నాటడం అంటే ఊరి పచ్చిక బయలుని దున్ని తోట వేసినట్టు. ఇక ఇసుక తీరంలో సరుగుడు. 1977 తర్వాత తుఫాను గాలికి అడ్డంగా మొదలైన ఆ తోటలు పేదల పొయ్యికి పుల్లనిచ్చాయి, కాదనం. కానీ పోటు గీత దాకా తెచ్చి నాటితే తాబేలు గుడ్లు పెట్టే ఇసుక మిగలదు. ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లలో ఆడా మగా తేలేది ఇసుక వేడిని బట్టి. నీడ పడితే ఆ లెక్కే మారుతుంది. ఇసుకను పట్టి ఉంచేది చెవులపిల్లి తీగ. ఆ తీగను 'పిచ్చి మొక్క' అని పీకించి శుభ్రత కార్యక్రమం చేయించిన రోజు మాకు ఒకటుంది. ఆ రోజు పీకిన చేతులు మావే.

రాష్ట్రంలో మడ విస్తీర్ణం పెరిగింది గదా అని మీరనవచ్చు. 2023 అటవీ నివేదిక ఆంధ్రప్రదేశ్‌లో 421 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మడ ఉందని చెప్పింది, అంతకు ముందు లెక్క కన్నా దాదాపు 13 చదరపు కిలోమీటర్లు ఎక్కువ. మంచి వార్తే, మేమూ సంతోషించాం. ఆ పట్టికలో కాలువ పూడిందా లేదా అనే గడి ఉండదు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ భూమిని ఇళ్ల స్థలాలకు చదును చేయడం మీద కోర్టుల దాకా వెళ్లాల్సి వచ్చింది కూడా ఈ గడ్డ మీదనే. ఉన్న మడను తీసేసి మరోచోట మొక్కలు గుచ్చి సరిపెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే, ఆ గుచ్చే పనికి మమ్మల్ని పిలవకండి.

వయసులో ఉన్నవాళ్లు ఓపికగా చేయలేరన్న మాట కూడా విన్నాం. మద్రాసులో విద్యార్థులు సముద్ర తాబేళ్ల కోసం 1988 నుంచి గుడ్లు పెట్టే కాలమంతా రాత్రుళ్లు ఇసుకలో నడుస్తున్నారు. ఒక బ్యాచి చదువు ముగించి వెళ్తే ఇంకో బ్యాచి వస్తుంది. ఆనమలై కొండల్లో వాల్పారై తేయాకు తోటల మధ్య మిగిలిన వర్షారణ్యం ముక్కల్ని రెండు దశాబ్దాలకు పైగా బాగుచేస్తున్నారు. అక్కడ ముందు లంటానా అనే కలుపు పొదలు తీస్తారు, ఆ కొండ విత్తనాలతోనే నర్సరీ పెంచుతారు, అప్పుడు నాటుతారు, నాటాక కలుపు తీయడానికి మళ్లీ మళ్లీ వెళ్తారు. కొండ మీద లంటానా తీయడమూ మా బురదలో పూడిక తీయడమూ అన్నదమ్ముల్లాంటి పనులు. రెండింటికీ ఒక్కరోజు చాలదు.

అందుకని మేం అడుగుతున్నవి ఇవి.

1. నాటిన సంఖ్యతో పాటు ఒకటో ఏడు, మూడో ఏడు బతికిన సంఖ్య ప్రకటించండి. ఏ చోట, ఏ జాతి, ఎవరి డబ్బు అన్నది కూడా. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటినవాటిలో 85 శాతం బతకాలని రాసి, ఆ బాధ్యత సర్పంచి మెడకు చుట్టారు. సర్పంచిని అడగగలిగిన లెక్క కంపెనీనీ శాఖనీ అడగడంలో తప్పులేదు. మడలో 85 కష్టం, మాకూ తెలుసు. ఎంతో ఒక అంకె చెప్పండి.

2. కొత్తగా నాటే చోటికి ముందు నీళ్ల సంగతి చూడండి. కనీసం ఒక అమావాస్య నాటి పెద్ద పోటు, ఒక అష్టమి నాటి చిన్న పోటు ఎంతవరకు ఎక్కి, ఎంతవరకు దిగుతున్నాయో కొలిచి మ్యాపు గీయించండి. మాకు కొలబద్ద ఇస్తే మేమే గీస్తాం. నీరు నిలిచిపోయే చోట కాలువ తవ్వకుండా మొక్క పెట్టొద్దు. పొన్న ఏటి ఒడ్డుకి, తెల్లమడ ఉప్పు ఎక్కువున్న చోటికి. ఏది ఎక్కడన్నది ఆ ఊరి వేటగాళ్లను కూర్చోబెట్టి అడిగి రాయండి.

3. ఎన్‌ఎస్‌ఎస్ వారికి ఇది ప్రత్యేకంగా. మీ నియమం ప్రకారం ఒక విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, అంటే ఏడాదికి 120. పాటు తీసినప్పుడు బురదలో పని చేయగలిగే సమయం నాలుగు గంటలనుకుందాం. ఏడాదిలో అమావాస్యలూ పౌర్ణములూ కలిపి 24. నాలుగింతలు 96 గంటలు. ఇంకా 24 గంటలు మిగులుతాయి, వాటితో తరగతి గదిలో లెక్కలు రాసుకోవచ్చు. అంటే ఒక్కో కళాశాలకు ఒక్కో ముక్క మడనేల రెండేళ్లపాటు అప్పగించడానికి మీ పుస్తకంలోనే చోటుంది. పోయే బ్యాచి వచ్చే బ్యాచికి రిజిస్టరు అప్పజెప్పి పోతుంది.

4. కంపెనీలకు: కొనసాగే సీఎస్‌ఆర్ ప్రాజెక్టును, మొదలుపెట్టిన ఏడాది పోగా మరో మూడేళ్లు నడపడానికి ఇప్పుడున్న నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ మూడేళ్లకీ డబ్బు కేటాయించండి. అందులో పెద్ద భాగం పూడిక తీతకూ గేదెలు రాకుండా కాపలాకూ వెళ్లాలి. టీషర్టులు మానేయండి. మా దగ్గర చాలా ఉన్నాయి, అన్నిటి మీదా వేరువేరు సంవత్సరాలు.

5. కేంద్రం 2023 జూన్ 5న మొదలుపెట్టిన మిష్టి పథకం ఐదేళ్లలో 9 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 540 చదరపు కిలోమీటర్ల మడ పెంచుతామంటోంది. ఆ పథకం మొదలైనప్పుడే ఉపాధి హామీ నిధులను జోడించే ఏర్పాటు పెట్టారు. మన జిల్లాల్లో ఆ కాలువ పనులు ఊరి కూలీలకే, ముఖ్యంగా సమితి ఆడవాళ్లకు దక్కాలి. కూలి డబ్బు పండక్కి ముందు చేతికందాలి. మేం వాళ్ల పక్కన నిలబడి నేర్చుకుంటాం.

6. బురదలోకి దించే ప్రతి విద్యార్థికీ లైఫ్ జాకెట్టు, బూట్లు, ఒక్కరోజుకైనా ప్రమాద బీమా, ఆడపిల్లలకు ఒడ్డున మరుగుదొడ్డి ఉండాలి. గుల్ల గీసుకుని పాదం చీలిన ఒకమ్మాయికి మేం దుప్పటి చింపి కట్టు కట్టాల్సి వచ్చింది. పడవ దిగేసరికి చీకటి పడింది. అది ఎవరి కార్యక్రమమో ఇక్కడ చెప్పం.

7. పోటు గీతకు దగ్గరగా కొత్త సరుగుడు వద్దు. బురదమేటల మీద మొక్కలు వద్దు. జూన్ 5న ప్రసంగాలు పెట్టుకోండి, నాటడం వద్దు. గోదావరికి ఎర్రనీరు వచ్చి, పాయల్లో ఉప్పు తగ్గాక చూద్దాం.

వీటిలో మొదటి మూడింటికి కొత్త జీవో అక్కర్లేదు, కొత్త పైసా అక్కర్లేదు. కాబట్టి వాటికి ఈ దీపావళి అమావాస్య వరకు గడువు అడుగుతున్నాం. అప్పటికీ జవాబు రాకపోతే మేం ఇంతవరకు పాల్గొన్న ప్రతి చోటికీ మా ఖర్చుతో పడవలో వెళ్లి, బతికినవి ఎన్నో, ఎండినవి ఎన్నో లెక్కపెట్టి, ఫొటోలతో సహా పంచాయతీ ఆఫీసుల గోడలకు అతికిస్తాం. మేం నాటి చంపినవీ ఆ జాబితాలో ఉంటాయి.

జవాబు ఇవ్వదలుచుకుంటే కాగితం కూడా అక్కర్లేదు. ఆ అమావాస్య నాడు పాటు తీసే వేళకి చొల్లంగి రేవుకి రండి. పడవ మేం మాట్లాడి ఉంచుతాం, తాతకి ముందే చెప్పాం. కెమెరామన్‌కి చోటు లేదు, పలుగూ పారా పెట్టుకోవాలి.

ఇట్లు,
కోరంగి తీర యువ స్వచ్ఛంద కార్యకర్తలు
తాళ్లరేవు మండలం, కాకినాడ జిల్లా